సుభాష్ లాప్‌టాప్

ప్రియ గోడకున్న ప్లగ్గు పీకేసింది.

తెర ఒక్కసారి మెరిసి నల్లబడింది. బ్యాటరీ ఎప్పుడో పోయిన లాప్‌టాప్ అది. తీగ ఊడితే ఆ క్షణమే ఆరిపోతుంది. కల్యాణి వేలు ఇంకా మీట మీదే ఉంది.

"వదినా! ఏందిది? నడుమల పీకినవేంది?"

ప్రియ పత్తి చేను నుంచి పరుగున వచ్చింది. నడుముకు కట్టుకున్న ఒడిలో సగం దాకా పత్తి అలాగే ఉంది. గుమ్మం నుంచి ఆమె నిలబడ్డ చోటి దాకా నేల మీద నాలుగైదు పింజలు రాలాయి.

"నొక్కినవా?" అంది.

"ఏం నొక్కుడు?"

"చెరిపే మీట. మీ అన్న మిషిను ముంగటేసుకుని కూసున్నరని పక్కింటి సుక్కి వచ్చి చెప్పింది. నొక్కినవా లేదా, గది చెప్పు."

కల్యాణి తన వేలు చూసుకుంది. పాత విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ ఎక్కిస్తోంది. డిస్కులో ఉన్నదంతా చెరిపి కొత్తది పెట్టమంటావా అని తెర అడిగింది. పెట్టు అంది. అది మామూలుగా ఇంకోసారి అడుగుతుంది. ఆ రెండోసారి అడిగిందా? తాను నొక్కిందా? వేలికి తెలిసినట్టుంది కానీ మనసుకు తెలియడం లేదు.

"తెల్వది వదినా," అంది. అది నిజమే. "ఒక్కసారి నొక్కిన. రెండోసారి నొక్కితెనే చెరుపుడు మొదలువెడతది. నొక్కిన్నో, నువ్వు పీకినంకనే వేలు వడ్డదో తెలుస్తలేదు."

ప్రియ అక్కడే చతికిలబడింది.

గుమ్మంలో కూర్చుని కాలి పగుళ్లకు ఆముదం రాసుకుంటున్న హీరాలాల్ తల ఎత్తాడు. "నేనే ఇచ్చిన బిడ్డకు. ఇప్పుడేమైంది?"

"ఎవల్ని అడిగి ఇచ్చిన్రు మామా?"

ఇల్లంతా ఆగిపోయింది. ఏడు నెలలుగా ప్రియ మామతో నేరుగా మాట్లాడలేదు. బువ్వ పెట్టాలన్నా, నీళ్లు తోడాలన్నా, 'కల్యాణీ, మామకు చెప్పు' అనేది. కల్యాణి జనగామలో ఉన్న రోజుల్లో గోడకు చెప్పేది. ఇవాళ మొదటిసారి ఆ ముఖంలోకి చూసి అడిగింది.

హీరాలాల్ తెలుగులోకి వచ్చాడు. ఇంట్లో లంబాడీలో మాట్లాడే మనిషి, కోపం వస్తే మాత్రం తెలుగే. ముప్పై ఏళ్లు రైల్వేలో పట్టాల బిగువు చూసే కీమన్‌గా తిట్లన్నీ తెలుగులోనే తిన్నాడు మరి.

"ఎన్ని దినాలాయె దాన్ని ఎవలు ముట్టక! సచ్చిన మిషిను. మేకుకు ఏలాడుకుంట దుమ్ము పట్టవట్టె. బళ్లె పిల్లగాండ్లకన్న అక్కరకొస్తదని ఇచ్చిన. తప్పా?"

"సచ్చిందని మీకెట్ల తెలుసు?"

ఆమె అడిగింది యంత్రం గురించే. అయినా హీరాలాల్ ఆముదం గిన్నె మీద మూత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. మూత కుదరలేదు.

మూలన కల్యాణి తల్లి తారి రవికె ముక్కకు అద్దాలు కుడుతోంది. సూది ఆపకుండానే అంది. "మల్ల సంచిలేసి మేకుకు తగిలియ్యుండ్రి. చెరుపుడు వద్దు. తెరుసుడు గూడ వద్దు."

"తెరవకపోతె ఎట్ల తెలుస్తది యాడీ, ఉన్నయో పోయినయో?" కల్యాణి తల్లి వైపు తిరిగింది.

"తెలిసి ఏం జేస్తరు?"

కల్యాణి ప్లగ్గు తీసుకుని గోడకు పెట్టింది. మీట వేసింది. ఏమీ వెలగలేదు. పైన ఫ్యాను కూడా ఆగిపోయి ఉంది.

కరెంటు పోయింది. అంటే పన్నెండయింది. ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మెలో గనుల్లో బొగ్గు తీసేవాళ్లు కూడా ఉండడంతో పగలు నాలుగు గంటలు కోత. ఇక నాలుగు దాకా రాదు.

నాలుగు దాకా ఎవరికీ ఏమీ తెలియదు.

* * *

మానుకోట స్టేషనుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఆ తండా. రైలు కట్టను ఆనుకునే ఇళ్లు. మామూలు రోజుల్లో బండ్లను బట్టే పొద్దు లెక్క. ఫలానా ప్యాసింజరు పోయాక పాలు పిండడం, ఫలానా ఎక్స్‌ప్రెస్ కూత వినబడితే పొయ్యి ముట్టించడం. రైల్ రోకో మొదలైనప్పటి నుంచి ఒక్క బండీ లేదు. పట్టాల మీద మేకలు పడుకుంటున్నాయి. పొద్దు ఎక్కడుందో చూసుకోవాల్సి వస్తోంది. తండా మొత్తం పగటి నిద్రలోంచి లేచీ లేవనట్టు ఉంది.

కల్యాణి జనగామలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. సమ్మెకు సెంటర్ మూతపడింది. బస్సులు ఆగిపోయే ముందు ఆఖరి బస్సులో ఇంటికి వస్తూ, సెంటర్ యజమాని పాత సామానులో పారేస్తానన్న నాలుగు లాప్‌టాప్‌లు గోనె సంచిలో వేసుకొచ్చింది. తండాలో అందరూ ఉల్లిగడ్డలనుకున్నారు.

కొత్త విండోస్‌ను మోయలేని యంత్రాలవి. వాటిలో మెమొరీ ఎంత తక్కువంటే, ఇప్పటి సెల్‌ఫోన్లలోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. కానీ ఆమె దగ్గరున్న లినక్స్ చాలా చిన్నది. వంద ఎంబీ కూడా ఉండదు. అనవసరమైనది ఒక్కటీ ఉండదు. పెన్‌డ్రైవ్ పెట్టి లేపితే నల్లటి తెర మీద తెల్లటి వరుసలు వానలా జారిపోయి, కాసేపటికి ఖాళీగా, ప్రశాంతంగా ఒక నీలి తెర వస్తుంది. ఆ క్షణం కోసమే కల్యాణి రోజుల తరబడి మంచం మీద వాటిని పరుచుకుని కూర్చునేది. ఒక్కొక్కటి ఒక్కో రకంగా మొండికేసేది. ఒకదానికి మౌస్ కదలదు. ఒకదానికి శబ్దం లేదు. ఒకదానిలో తెలుగు అక్షరాలన్నీ ఖాళీ డబ్బాల్లా కనిపించేవి. ఆమె ఒక్కో పేరు మార్చి, ఒక్కో వరుస తీసేసి, మళ్లీ లేపి చూసేది. లేచినప్పుడు ఒక్కతే నవ్వుకునేది.

సమ్మె శిబిరంలో పదో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతున్న శ్రీశైలం సారు నాలుగు అడిగాడు. మూడు తయారయ్యాయి. నాలుగోదాని తెర పొద్దున్నే నిలువు గీతలు పడి పోయింది. అప్పుడే హీరాలాల్ మేకు మీది సంచి దించి కూతురి ముందు పెట్టాడు. అన్న లాప్‌టాప్ తీసుకోవచ్చునా అని కల్యాణి ఒక నిమిషం ఆగింది. ఒక నిమిషమే.

* * *

ప్రియ ఇంటి వెనక పెరటి గోడ నీడలో కూర్చుని ఒడిలోని పత్తి గంపలో పోస్తోంది. కల్యాణి వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ పత్తిలోంచి ఎండాకులు ఏరారు.

"అన్న ఫొటోలున్నయా అండ్ల?" కల్యాణి అడిగింది.

"ఉన్నయి. గని వాటి కోసం గాదు."

"మరి?"

ప్రియ చేతులు ఆగాయి. "నీకు చెప్తె నవ్వుతవు."

"నవ్వ."

"దాని పాస్‌వర్డ్ నాకెరికే. మీ అన్న భూపాలపల్లిల గనిమీద పనిచేసేటప్పుడు కొన్నడు గదా దాన్ని, ఆఫీసుల గుమాస్తా దగ్గర. కొన్న దినమే నాకు నేర్పిండు. ఎట్ల తెరవాలె, ఎట్ల రాయాలె." ఆమె గొంతు బాగా తగ్గింది. "మీరంత పనులకు పోయినంక, పగటీలి, తలుపు దగ్గరికేసి రాస్తున్న."

"ఏం రాస్తవు?"

"ఏముంటది రాయనీకి? ఇయ్యాల వానొచ్చింది. చెల్క దున్నినం. అత్తకు మోకాళ్ల నొప్పులు. నాకు మీరు కలలకొచ్చిన్రు, గడ్డం పెరిగింది. గిట్లనే. సెల్లుల మెసేజులు కొట్టినట్టు, ఇంగ్లీషు అక్షరాలతోని తెలుగు."

"ఎవలకు పంపుతవు వదినా?"

"పంపుడేంది? ఆయనకు సెల్లు లేదు. ఏ ఊళ్లె ఉన్నడో తెల్వది." ప్రియ ఒక పింజను వేళ్ల మధ్య సాగదీసింది. "అది ఆయన మిషిను. ఆయన రాసుకున్నయి అండ్ల ఉన్నయి. వాటి పక్కపొంటి నావి ఉంటె చాలనిపించేది. రాసేటప్పుడు తెర మీద నా మొఖం మసక మసకగ కానొస్తది. దాని ఎనుక ఎవలో కూసోని సదువుతున్నట్టె ఉండేది. పిచ్చిదాన్నని అనుకోకు."

కల్యాణి ఏమీ అనుకోలేదు. మూడు వారాలుగా తాను కూడా అవే గంటల్లో, అదే ఎండలో, ఒక తెర ముందు కూర్చుని అది లేస్తుందా అని చూస్తోంది.

"పది దినాల కిందట లేవకుంటైంది," ప్రియ అంది. "నల్ల తెర మీద ఏదో రాసి ఆగిపోతది. నీకు చెప్తె బాగుజేద్దువు. గని ఏమని చెప్పాలె? అండ్ల ఏమున్నదని అడుగుతవు గదా."

"పాస్‌వర్డ్ లేకున్న నేను సూడగలుగుత వదినా. ఆ తాళం విండోస్‌ది. మనం విండోస్‌ని లేపనే లేపం. పెన్‌డ్రైవ్ మీది లినక్స్ లేచి డిస్కును బయటి నుంచి సూస్తది. విండోస్ ఖరాబైనా ఫైళ్లకు ఏం గాదు. నేను చెరిపి ఉండకపోతె."

"నా జాబులు సదువుతవా?"

"సదువ. ఉన్నయా లేవా, గంతే."

ప్రియ తల ఊపింది. తర్వాత చాలా మెల్లగా, "ఒకవేళ పోయినయనుకో, నాకు ఎంబడే చెప్పకు. జరసేపు ఆగి చెప్పు," అంది.

* * *

హీరాలాల్ ఇంట్లో లేడు. కట్ట మీదికి పోయాడు. బండ్లు లేకపోయినా రోజుకోసారి తనకు అప్పగించిన పట్టాల ముక్క నడిచి రావాల్సిందే. సుత్తి భుజాన వేసుకుని పట్టాల పక్కన కూర్చుని ఉన్నాడు. కల్యాణి మజ్జిగ చెంబు అందించింది.

"ఏమంటుంది మీ వదినె?"

"ఏమంటలేదు."

ఆయన మజ్జిగ తాగి, చెంబు కంకర మీద పెట్టాడు. "నన్ను జూస్తె ఆ పిల్లకు ఆ ఫొటోనె యాదికొస్తది. నాకు తెల్వదా?"

మార్చిలో జరిగిన రైల్ రోకోలో పట్టాల మీద చెక్క స్లీపర్లకు నిప్పు పెట్టారు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఆ మంట ముందు నిలబడ్డ ఐదుగురి ఫొటో పట్టుకుని ఇద్దరు పోలీసులు వచ్చారు. ఆ ముక్క హీరాలాల్‌ది కాబట్టి ముందు ఆయన్నే అడిగారు. ఎర్ర రుమాలు కట్టుకున్నది ఎవరని. నా కొడుకని చెప్పాడు. సంతకం పెట్టమంటే పెట్టాడు. ఆ రాత్రికి సుభాష్ ఇంట్లో లేడు.

"తెల్వదంటె అయిపోవు గదా బాపు," కల్యాణి ఈ మాట ఇంతకు ముందెప్పుడూ అనలేదు.

"ఎట్లంట బిడ్డా?" హీరాలాల్ నిజంగానే అడిగాడు. "ఇగో, పట్టాను పట్టి ఉంచే గీ కీ సూడు. బిగువున్నదని పుస్తకంల రాసిస్త. నేను రాసిన మాట నమ్మి డ్రైవరు బండిని ఉరికిస్తడు. ఎన్మిది వందల మంది పండుకోని పోతరు దీని మీదికెల్లి. ముప్పై ఏండ్లు ఒక్క దినం గూడ లేనిది ఉన్నదని రాయలె. ఉన్నదాన్ని లేదనలె. కండ్ల ముంగట కొడుకు ఫొటో పెట్టి ఎవలని అడిగితె, నోట్లె వేరే మాట ఉంటె గదా రానీకి."

కల్యాణి పట్టా మీద చెయ్యి పెట్టింది. ఎండకు వెచ్చగా ఉంది. దూరంగా మలుపు దాకా రెండు గీతలూ మెరుస్తున్నాయి. వాటి మీద ఏమీ రావడం లేదు.

"దివిలె పండుగ పోయినంక కోర్టుకు రమ్మన్నరు. మల్ల అదే అడుగుతరంట," అన్నాడు హీరాలాల్. "మీ యాడికి చెప్పలె ఇంక."

* * *

శ్రీశైలం సారు మూడున్నరకు సైకిల్ మీద వచ్చాడు. బడిలో లెక్కలు చెప్పే మనిషి. నెల దాటింది జీతం లేక. అయినా చొక్కా ఇస్త్రీ నలగలేదు. వాకిట్లో మంచం మీద మూడు లాప్‌టాప్‌లు వరుసగా చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"లేస్తయా ఇవి?"

ఒకదానికి బ్యాటరీ ఇరవై నిమిషాలు నిలుస్తుంది. కల్యాణి దాన్ని లేపింది. తెల్లటి వరుసలు జారాయి. నీలి తెర వచ్చింది. ఆమె 'మానుకోట' అని తెలుగులో కొట్టింది. అక్షరాలు గుండ్రంగా, నిండుగా నిలబడ్డాయి.

"ఓర్నీ! నా కంటె ముసలిది, నా కంటె ముందే లేసింది గదనే!" సారు పకపకా నవ్వాడు. ఎవరూ జత కలవకపోయేసరికి అటూ ఇటూ చూశాడు. మూలన తారి. గుమ్మంలో హీరాలాల్. లోపల గోడకు ఆనుకుని ప్రియ.

"నాలుగోది?" మెల్లగా అడిగాడు.

"రేపు చెప్త సారూ."

"ఏం పరేషాన్ గాకు చెల్లె. మూడు చాలు. ఒక్కోదాని మీద పదిమంది కూసుంటరు." సంచీలు సైకిల్‌కు కట్టుకుంటూ గొంతు తగ్గించాడు. "ఇంట్ల ఏమన్న కష్టమా?"

"కరెంటు కోసం సూస్తున్నం సారూ," అంది కల్యాణి.

సైకిల్ తండా దాటి మలుపు తిరిగేదాకా అందరూ అటే చూశారు. చూడటానికి వేరే ఏమీ లేదు కాబట్టి.

* * *

నాలుగు దాటి కాసేపటికి చేలల్లో మోటార్లు ఒక్కొక్కటే మూలగడం మొదలుపెట్టాయి. ఇంట్లో ఫ్యాను కిర్రుమంది.

కల్యాణి ప్లగ్గు పెట్టింది. పెన్‌డ్రైవ్ పెట్టింది. మీట నొక్కింది. ప్రియ వచ్చి ఆమె భుజం వెనక మోకాళ్ల మీద కూర్చుంది. హీరాలాల్ గుమ్మంలోనే ఉన్నాడు కానీ ముఖం ఇటు తిప్పాడు. తారి సూది దారం తెగింది. ఎక్కిస్తోంది. ఎక్కడం లేదు.

తెల్లటి వరుసలు జారాయి. ఇంతకుముందు ఎన్నోసార్లు చూసినవే. ఇవాళ ఒక్కో వరుసా ఆగి ఆగి వస్తున్నట్టుంది. నీలి తెర వచ్చింది. కింద మూలన డిస్కు గుర్తు చిన్నగా కనిపించింది.

కల్యాణి దాని మీద నొక్కింది.

ఉన్నాయి. విండోస్ సామాను, పాటలు, ఫొటోలు, పేర్లతో సహా ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆమె రెండోసారి నొక్కలేదు.

"ఉన్నయి వదినా," అంది. జరసేపు ఆగి చెప్పమన్న మాట పోయినవాటికే కదా.

ప్రియ రెండు చేతులతో ముఖం మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి, "కింద పత్తి అని ఉంటది సూడు. దాంట్ల పెట్టిన. పత్తి అంటే ఎవలు తెరవరని," అంది. ఏడుపులోనే నవ్వు వచ్చింది ఆమెకు.

"ముందు వీటిని వేరే తావుల పెడ్త. ఇగ ఎవలు పీకినా భయముండదు." కల్యాణి ఇంకో పెన్‌డ్రైవ్ తీసి గుచ్చి, 'పత్తి' మొత్తాన్ని దానిలోకి లాగింది. చిన్న గీత నిండుతూ పోయింది. అయిపోయాక తెర ఒక వరుస రాసింది.

"తొంభై ఏడు," కల్యాణి చదివింది. "మస్తు రాసినవ్ వదినా!"

ప్రియ చేతులు దించింది. "తొంభై ఆరు."

"తొంభై ఏడనే ఉన్నది."

"కాదు. అంకెలు పెట్టుకుంట పోయిన నేను. ఒకటి, రెండు అని. ఆఖరిది తొంభై ఆరు. గది రాసినంక మల్ల లేవలె మిషిను."

కల్యాణి ఫోల్డర్ తెరిచింది. ఒకటి నుంచి తొంభై ఆరు దాకా అంకెలే పేర్లు. అన్నిటికీ కింద ఒకటి వేరుగా ఉంది. దానికి అంకె లేదు. ఇంగ్లీషు అక్షరాలతో 'ప్రియకు' అని ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పాతదేమో. పోకముందు రాసింది," కల్యాణి అంది.

"ఈ పత్తి అనేది నేను పెట్టిందే వానకాలంల. ఆయన పోయినంక." ప్రియ గొంతు గుసగుసలా అయింది. "తారీఖు సూడు."

"దీంట్ల తారీఖులు నమ్మేటట్టు లేవు. లోపట గడియారం సెల్లు అయిపోయింది. ప్లగ్గు తీసినప్పుడల్ల రెండు వేల మూడు జనవరికి పోతది."

"తెరువు."

"సదువనని నీకు మాటిచ్చిన గదా..."

"తెరువు కల్యాణీ."

తెరుచుకుంది. ఆరేడు వరుసలే. ప్రియ పెదవులు కదుపుతూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. తాను పైకి చదువుతున్నట్టు ఆమెకు తెలియదు.

"ప్రియా, పొద్దుటి నుంచి కూసోని నువ్వు రాసినయన్ని సదివిన. ముప్పై ఒకటోది రెండు సార్లు సదివిన..."

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. కల్యాణి తల పక్కకు తిప్పుకుంది.

"...నేను మంచిగనే ఉన్న. కొత్తగూడ దిక్కు ఉన్న. పోడు చేసుకునేటోల్ల ఇంట్ల ఉన్న, మక్క కంకులు ఇరుస్తున్న. అడివిల పొద్దుగాల మంచు దిగుతది, నీకు సూపెట్టాలె. తలుపుకు నీలం రంగు మంచిగుంది. నాకు ఇంట్లకెల్లి పోబుద్ధి అయితలేదు. దివిలెకు మల్లొస్త. నువ్వు నాతోని వస్తవా అని అడుగుదామనుకున్న గని బాపు..."

ప్రియ ఆగింది.

గుమ్మంలోంచి హీరాలాల్ అడిగాడు. "బాపు? బాపు ఏంది? సదువు."

"గంతే ఉన్నది మామా. ఆడనే ఆగింది."

"కింద సూడు బిడ్డా, ఉంటది."

"లేదు బాపు," కల్యాణి అంది. "అప్పటి దాక రాసింది భద్రం జేసిండు, తర్వాత కరెంటు పోయి ఉంటది. బ్యాటరీ లేదు గదా. నడుమల ఆరిపోయినందుకే విండోస్ ఖరాబైంది. పది దినాలసంది లేవంది గందుకే."

హీరాలాల్ లేచి నిలబడ్డాడు. తన వెనక ఉన్న తలుపు రెక్కను ఒకసారి చూశాడు, ఎవరిదో ఇల్లు చూసినట్టు.

"నీలం రంగు నేనేసింది దసరా ముంగటి దినం," అన్నాడు.

 ప్రియ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. తొంభై ఆరోది రాసింది పండుగ తెల్లారి. ఆ మర్నాడు మానుకోట రోడ్డు మీద వంటావార్పు నిరసన. తండా తండా అంతా పొయ్యిలూ, గిన్నెలూ మోసుకుని రోడ్డెక్కింది. పొద్దున పోయినవాళ్లు దీపాలవేళకు తిరిగొచ్చారు.

ఆ రోజు జ్వరమని ఇంట్లో ఉండిపోయింది ఒక్కరే.

ముగ్గురూ తారి వైపు తిరిగారు.

తారి సూది పక్కన పెట్టింది. తల మీది ముసుగు నుదుటి దాకా లాక్కుంది.  దాంతోనే అంతా తెలిసిపోయింది.

"పది దినాలు అత్తా," ప్రియ గొంతు పెద్దది కాలేదు. "పది దినాలు నా ముంగట కూసోని అద్దాలు కుట్టినవ్. నేను ఆ మిషినును లేపలేక సస్తుంటె సూసినవ్."

"వాడే వద్దన్నడు," తారి అంది. "పోలీసోల్లు వస్తె ప్రియ మొఖంల దాగదు యాడీ అన్నడు. నిజమే గదా. నీ మొఖంల ఏది దాగుతది?"

"సూసిపోవాలనిపించలేదా ఆయనకు నన్ను?"

"పొద్దు గూకేదాక సూసిండు తొవ్వ. మీరు రాకముందే ఎవలో వస్తున్న సప్పుడైంది. ఎనుక నుంచి పోయిండు."

హీరాలాల్ రెండడుగులు లోపలికి వేశాడు. భార్య ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పుడు అరుస్తాడని కల్యాణి అనుకుంది. నా ఇంట్లో నాకు తెలియకుండానా అంటాడని. ఆయన మాత్రం లంబాడీలో, పసిపిల్లను అడిగినట్టు అడిగాడు.

"అన్నం తిన్నడా?"

తారి కళ్లు నిండాయి. "జొన్నరొట్టె చేసిన. నీ కంచంల పెట్టిన. ఎవల కంచమిది అని అడిగిండు. చెప్పిన. చేతులు కడుక్కోని లేసిండు."

ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. హీరాలాల్ తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"పోయేటప్పుడు ఒక్క మాట నిన్ను అడగమన్నడు," తారి అంది. "నాకే నోరు రాలె ఇన్ని దినాలు."

"ఏంది?"

"ఆ ఫొటో మల్ల ఎవలన్న సూపెడితె, మల్ల అదే మాట అంటవా అని."

కల్యాణి తండ్రి ముఖంలోకి చూడలేకపోయింది. కోర్టు సంగతి ఈ గదిలో తనకొక్కదానికే తెలుసు. అననని చెప్పు బాపు, ఒక్కసారికి అట్ల చెప్పు అని మనసులో అంటూనే ఉంది. ప్రియ రెప్ప వేయకుండా మామనే చూస్తోంది. ఏడు నెలల్లో ఆ మనిషి మాట కోసం ఆమె ఎదురుచూడటం ఇదే మొదలు.

హీరాలాల్ తల ఎత్తాడు.

"అంట," అన్నాడు. "దివిలె పోయినంక కోర్టుల గూడ అడుగుతరంట. ఆడ గూడ అదే అంట. వాడు నా కొడుకు. కాదంటె నేనెవలను?"

తారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ప్రియ లేచింది. తొందరపడలేదు. దండెం మీది రెండు చీరలు తీసి మడత పెట్టింది. మడత మీద మడత, ఒరిగిపోకుండా. కల్యాణి పెన్‌డ్రైవ్ పీకి ఆమె చేతిలో పెడితే, దాన్ని చూసి, చీర మడతలోకి తోసింది.

"వదినా, ఏడికి?"

"ఆయన దగ్గరికి. రేపు పొద్దుగాల గూడూరు మీదంగ కొత్తగూడకు ఎట్ల పోవాలె?"

"బస్సులే లేవు గదా వదినా."

"బస్సులు అడుగుతలేను కల్యాణీ," ప్రియ అంది. "తొవ్వ అడుగుతున్న."